రెండు పథ్యాల నడుమ బాలింత: బిడ్డ పాలు కక్కితే తల్లి ఏం మానాలి?

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. పురుడు పోయడానికి అమ్మ వెళ్లింది. పెట్టెలో సగం బట్టలు, సగం పొడులు: వెల్లుల్లి కారం, ధనియాల పొడి, శొంఠి, వాము, ఏడాది కిందటి చింతకాయ పచ్చడి. అయిదో వారంలో పాప కక్కడం మొదలుపెట్టింది. తాగిన ప్రతిసారీ ఎత్తుకున్నవాళ్ళ భుజం తడిసేది. పొద్దు వాలితే చాలు, ఒకటే ఏడుపు. "నువ్వేదో తిన్నావు, దానికి పడలేదు" అని అమ్మ తీర్పు చెప్పి పప్పు ఆపేసింది. వంకాయ, గుమ్మడికాయ, బంగాళాదుంప అంతకుముందే లేవు. ఈలోగా చెల్లెలి స్నేహితురాలు ఫోన్లో ఒక జాబితా పంపింది. పాలు, సోయా, గుడ్డు, గోధుమ, వేరుశనగ, బాదం-జీడిపప్పు, చేప. రిఫ్లక్స్, అంటే తాగిన పాలు పైకి ఎగదన్నడం, ఉన్న పిల్లల తల్లులు ఇవన్నీ మానాలట. అమ్మ వదిలిపెట్టినవి ఆ జాబితా పట్టుకుంది, జాబితా వదిలిపెట్టినవి అమ్మ పట్టుకుంది. నేను వీడియో కాల్‌లో చూసిన రోజు చెల్లెలి కంచంలో ఉన్నవి మూడే: అన్నం, కారప్పొడి, బీరకాయ కూర. నెయ్యి కూడా లేదు, అదీ పాలనుంచే వస్తుంది కదా అని.

"అక్కా, ఇంకేం మానమంటావు?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు కక్కడం అంటే ఏమిటో చూడాలి. గొంతు నుంచి దిగే ఆహారనాళం జీర్ణాశయంలో కలిసేచోట కండరం ఒకటి మూతిలా బిగుసుకుని ఉంటుంది. అది మధ్యమధ్యలో కాసేపు వదులవుతుంది. మీకూ నాకూ కూడా వదులవుతుంది. కాకపోతే మనం నిటారుగా ఉంటాం, నమిలి మింగే తిండి తింటాం. పాపాయికి నాళం పొట్టి, రోజంతా పడకే, తాగేది పూర్తిగా ద్రవం. ఎంత తాగుతుందో లెక్క వేసి చూడండి: నెలల పిల్ల కిలో బరువుకు రోజుకు దాదాపు 150 మిల్లీలీటర్లు. ఆ లెక్కన 60 కిలోల మనిషి రోజుకు 9 లీటర్ల పాలు తాగి వెల్లకిలా పడుకోవాలి. కక్కకుండా ఉంటేనే ఆశ్చర్యం.

1997లో అచ్చయిన ఒక అధ్యయనంలో అమెరికాలోని షికాగో ప్రాంతంలో పదమూడు నెలల లోపు పిల్లల తల్లిదండ్రులను దాదాపు 950 మందిని అడిగి చూశారు. మూడు నెలల లోపు పిల్లల్లో సగం మంది రోజుకు ఒక్కసారైనా కక్కుతున్నారు. నాలుగో నెలలో అది 67 శాతానికి చేరింది. 10 నుంచి 12 నెలలకు వచ్చేసరికి 5 శాతమే మిగిలింది. అంటే పెరిగి పెరిగి దానంతటదే తగ్గిపోయే వ్యవహారం. బిడ్డ కూర్చోవడం, ఘనాహారం తినడం మొదలైతే ఇంకా తగ్గుతుంది.

"తాగిందంతా కక్కేస్తోంది" అనిపిస్తే ఒక పని చేయండి. పెద్ద చెంచాడు పాలు, అంటే 15 మిల్లీలీటర్లు, తువ్వాలు మీద పోసి చూడండి. మరక అరచేతికంటే పెద్దదవుతుంది. చెల్లెలు అలా పోసి చూసి ఫొటో పంపింది, కింద "ఇంతేనా?" అని రాసి.

కక్కుతూ, నవ్వుతూ, బరువు పెరుగుతున్న బిడ్డకు జబ్బు లేదు. ఉతుక్కోవాల్సిన బట్టలు ఎక్కువ, అంతే. బరువు పెరగకపోయినా, రొమ్ము పట్టుకోగానే వెనక్కి విరుచుకుని తాగనని మొరాయించినా, కక్కులో రక్తపు జీరలు కనబడినా అప్పుడు అది రిఫ్లక్స్ జబ్బు కావచ్చు, పాల ప్రోటీన్ పడకపోవడమూ కావచ్చు. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

ఏం మానినా పనిచేసినట్టే ఎందుకుంటుంది?

పుట్టిన రెండో వారం నుంచి పిల్లల ఏడుపు పెరుగుతూ పోయి, ఆరో వారం ప్రాంతంలో తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు చప్పున తగ్గుతుంది. జబ్బు లేని పిల్లల్లోనూ ఇంతే. తల్లి ఓపిక నశించి వంకాయ మానేది ఎప్పుడు? సరిగ్గా ఆరో వారంలో. పదో వారానికి ఏడుపు తగ్గుతుంది. పేరు వంకాయకు పోతుంది. ఆ వారంలో తల్లి ఎర్ర చీర కట్టడం మానినా ఫలితం అదే వచ్చేది.

మందుల విషయంలోనే దీన్ని బాగా పట్టుకున్నారు. 2009లో అచ్చయిన ఒక ప్రయోగంలో రిఫ్లక్స్ లక్షణాలున్న 162 మంది పసిపిల్లలను రెండు జట్లుగా విడదీశారు. 81 మందికి ఆమ్లం తగ్గించే లాన్సోప్రజోల్, మిగతా 81 మందికి మందులేని ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది అందుతోందో తల్లులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. నాలుగు వారాల తర్వాత చూస్తే మందు వేసుకున్నవాళ్ళలో 44 మందికి బాగయింది. ఉత్తుత్తి మందు వేసుకున్నవాళ్ళలోనూ 44 మందికే. పైగా అసలు మందు తీసుకున్న జట్టులో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ల వంటి తీవ్రమైన సమస్యలు ఎక్కువ కనిపించాయి. బాగా పెరుగుతున్న బిడ్డ కక్కుతోందనో ఏడుస్తోందనో ఆమ్లం మందు వేయొద్దని ఇప్పటి మార్గదర్శకాలు చెప్పడానికి ఇలాంటి ప్రయోగాలే ఆధారం.

అందుకే "నేను ఫలానాది మానేశాను, మా బాబుకు తగ్గిపోయింది" అన్న మాట ఎంత నిజాయితీగా చెప్పినా, అది సాక్ష్యం కాదు. మానకపోయినా సగం మందికి తగ్గేదే.

అమ్మ తిన్నది పాలలోకి ఎంత వస్తుంది?

ఇక్కడ మూడు నాలుగు వేర్వేరు సంగతులను మనవాళ్ళు ఒకే మూటలో కడతారు.

ఒకటి, వాసన, రుచి. వెల్లుల్లి తింటే పాలకు ఆ వాసన నిజంగానే వస్తుంది. 1991లో అచ్చయిన ఒక ప్రయోగంలో, రుచి, వాసనల మీద పరిశోధించే ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థవాళ్ళు తల్లులకు వెల్లుల్లి గొట్టం మాత్రలు మింగించి చూశారు. రెండు గంటలకు పాలలో వాసన ఘాటెక్కింది. ఆ సమయంలో పిల్లలు మొహం తిప్పుకోలేదు సరికదా, రొమ్మును ఇంకాసేపు ఎక్కువ పట్టుకున్నారు. వెల్లుల్లి కారం విషయంలో అమ్మ గెలిచింది.

రెండు, "వాతం". శనగపప్పు, బంగాళాదుంప, క్యాబేజీ తింటే తల్లి కడుపు ఉబ్బుతుంది కాబట్టి బిడ్డకూ గ్యాస్ పడుతుందని నమ్మకం. గ్యాస్ పుట్టేది తల్లి పెద్దపేగులో, అరగని పీచు, పిండి పులిసి. ఆ పీచు రక్తంలోకి రాదు, రక్తంలోకి రానిది పాలలోకి రాదు. పప్పు ఆపడానికి ఏ కారణమూ లేదు, శాకాహారి బాలింతకైతే అసలే లేదు.

మూడు, లాక్టోజ్. పాలలోని చక్కెర ఇది. తల్లి ఆవుపాలు తాగినా తాగకపోయినా రొమ్ములోనే తయారై తల్లిపాలలో ఉంటుంది. అందుకని తల్లి లాక్టోజ్ లేని పాలు కొనుక్కుని తాగితే బిడ్డకు ఒరిగేది సున్నా. ఆ పాలలో ప్రోటీన్ మామూలుగానే ఉంటుంది, అసలు అనుమానం దానిమీదే.

నాలుగోది ఆ ప్రోటీన్. ఆవుపాలలో, గేదెపాలలో బీటా-లాక్టోగ్లోబులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మనిషి రొమ్ము దాన్ని తయారుచేయదు. కానీ తల్లి పెరుగన్నం తిన్న కొన్ని గంటలకు కొందరి పాలలో అది జాడగా కనబడుతుంది. కేసిన్ అనే మరో పాల ప్రోటీన్ ముక్కలూ అంతే. మోతాదు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో. ఆవుపాలలో అదే ప్రోటీన్ మిల్లీలీటరుకు దాదాపు 3 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాముకు పది లక్షల నానోగ్రాములని గుర్తుంచుకుంటే తేడా అర్థమవుతుంది. ఇంత సూక్ష్మమైన జాడకు కూడా స్పందించే పిల్లలు ఉన్నారు, కానీ చాలా కొద్దిమంది: తల్లిపాలు మాత్రమే తాగేవాళ్ళలో సుమారు 0.5 శాతం, అంటే రెండు వందల మందిలో ఒకరు. కక్కేది సగం పైన, పాల ప్రోటీన్ పడనిది రెండు వందల్లో ఒకరు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుంటే చాలా ఆందోళన తగ్గుతుంది.

ఈ అంకెల్లోంచే ఇంకో మాట. "తల్లిపాలు పడట్లేదు, డబ్బా పాలకు మారండి" అనే సలహా మన వీధుల్లో ఉచితం. మామూలు డబ్బా పాలపొడి ఆవుపాలతోనే చేస్తారు. నానోగ్రాములు పడవేమోనని భయపడి బిడ్డకు మిల్లీగ్రాములు పట్టించడం అది. మేకపాలు తేలికంటారు, వాటి ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లను ఎంతగా పోలి ఉంటాయంటే ఒకటి పడని బిడ్డకు దాదాపుగా రెండోదీ పడదు. ఇక గాడిదపాలవాళ్ళు వీధిలోకొస్తే తలుపేసుకోండి, పచ్చిపాలు పసిబిడ్డకు పట్టించే వస్తువు కాదు.

ప్రోటీన్ మీద అనుమానం ఎప్పుడు పడాలి? కక్కడం ఒక్కటే ఉంటే కాదు. దానితోపాటు ఒంటిమీద ఎగ్జిమా (దురదపెట్టే ఎర్రటి పొడి మచ్చలు), మలంలో జిగురు లేదా రక్తపు చారలు, ఆగని విరేచనాలు, బరువు పెరగకపోవడం, తల్లిదండ్రుల్లో ఆస్తమా, ఎలర్జీ ఉండటం ఇలాంటివి తోడైతే. వీటిలో చాలావరకు ఆలస్యంగా వచ్చే రకం స్పందనలు. వాటిని రక్తపరీక్ష పట్టుకోలేదు. పదిహేను ఇరవై ఆహారాలకు ఐజీజీ (రక్తంలోని ఒకరకం యాంటీబాడీ) పరీక్ష చేసి రంగుల నివేదిక ఇచ్చే ప్యాకేజీలు ఉన్నాయి, ఆ డబ్బుతో బాలింతకు పళ్ళు కొనండి. ఉన్న పరీక్ష ఒక్కటే, తల్లి మాని చూడటం. అందుకే దీన్ని పథ్యం అనకూడదంటాను. పథ్యానికి అంతు ఉండదు. పరీక్షకు మొదలు, చివర, ఫలితం ఉంటాయి.

ఐరోపా, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2018లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో వరుస ఇలా ఉంది: ముందు పాలిచ్చే తీరు సరిచేయండి, దానికి లొంగకపోతే తల్లి 2 నుంచి 4 వారాలు పాల పదార్థాలు మానాలి, దానికీ లొంగకపోతే నిపుణుల దగ్గరికి. పాల పదార్థాలు అన్నారు. గోధుమ, గుడ్డు, గింజలు, చేప అనలేదు.

మరి ఆ ఏడు రకాల జాబితా ఎక్కడిది? 2005లో అచ్చయిన ఒక ప్రయోగంలో మెల్‌బోర్న్ పరిశోధకులు ఆరు వారాల లోపు, బాగా ఏడ్చే పిల్లల తల్లులతో సరిగ్గా ఆ ఏడూ వారం పాటు మాన్పించారు. ఏడుపు నాలుగోవంతు లేదా అంతకంటే ఎక్కువ తగ్గిన పిల్లలు 74 శాతం, మానని జట్టులో 37 శాతం. వినడానికి గట్టి ఫలితమే. కానీ అది ఏడుపు మీద, కక్కడం మీద కాదు. మానింది వారం రోజులు, నెలలు కాదు. ఏడింటిలో ఏది పనిచేసిందో తేలదు. తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నిటినీ జల్లెడపట్టిన 2018 నాటి కోక్రేన్ సమీక్ష ఆధారాలు చాలా బలహీనమనే తేల్చింది. ఆ వారం రోజుల ప్రయోగం చేతులు మారి మారి, మా చెల్లెలి ఫోన్లోకి వచ్చేసరికి జీవనవిధానం అయిపోయింది.

వంటింట్లో పరీక్ష

డాక్టరుతో మాట్లాడి పరీక్ష చేద్దామనుకుంటే సగం సగం చేయకండి. టీలో కొద్దిగా పోసుకుంటే పరీక్ష చెడిపోతుంది. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, మీగడ, పనీర్, కోవా తేలికగా కనబడేవి. పెరుగు పులిసినా, పాలు మరిగినా ప్రోటీన్ పూర్తిగా పోదు. కనబడనివి వేరే ఉన్నాయి. మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన ఊరమిరపకాయలు. బేకరీ బ్రెడ్డు, బిస్కెట్లు. హోటల్ కుర్మాలో మీగడ. అన్నిటికంటే పెద్ద దొంగ, బాలింతకు బలమని తెచ్చే ప్రోటీన్ పొడి: చాలావాటిలో మొదటి దినుసే పాలపొడి. డబ్బా వెనక మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్, కేసినేట్ అని ఉంటే పాలే.

నెయ్యి సంగతి అందరూ అడుగుతారు. నెయ్యి కాచాక గిన్నె అడుగున గోధుమరంగు మడ్డి మిగులుతుంది చూశారా, పాల ప్రోటీన్ అంతా దాదాపు దానిలోనే ఉంటుంది. పైన తేరిన నెయ్యిలో మిగిలేది జాడమాత్రమే. అయినా పరీక్ష జరిగే రోజుల్లో అదీ ఆపడం మంచిది, లేకపోతే ఫలితం తేలనప్పుడు "నెయ్యి వల్లేమో" అన్న సందేహం మిగులుతుంది.

మొదలుపెట్టేముందు గోడమీది క్యాలెండరులో రోజుకు రెండే ముక్కలు రాయండి: ఎన్నిసార్లు కక్కింది, సుమారు ఎంతసేపు ఏడ్చింది. నాలుగు రోజులు మామూలుగా తింటూ రాసి, ఆ తర్వాతే మానండి. జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదు, నిద్రలేని తల్లి జ్ఞాపకం మరీ కాదు.

రెండు వారాల్లో, మహా అయితే నాలుగు వారాల్లో తేడా ఏమీ లేదా? పరీక్ష అయిపోయింది, పాలు దోషి కాదు, హాయిగా పెరుగన్నం తినండి. "పాలు కాదంటే సోయా అయ్యుంటుంది, తర్వాత గోధుమ" అని ఒకదాని తర్వాత ఒకటి మానుకుంటూ పోకండి. కొద్దిమంది పిల్లలకు పాలతోపాటు సోయా కూడా పడని మాట నిజమే, అది డాక్టరు లెక్కచూసి చెప్పాల్సిన మాట.

తేడా కనబడిందా? అప్పుడే అసలు ఘట్టం. మళ్ళీ తినాలి. ఎవరూ చేయని పని ఇదే. ఇన్నాళ్ళకు ఇల్లు చల్లబడితే మళ్ళీ ఎవరు కెలుక్కుంటారు? కానీ పైన చెప్పిన ఏడుపు లెక్క గుర్తుందిగా: మానినందుకు తగ్గిందో, వయసొచ్చి తగ్గిందో మళ్ళీ తింటే తప్ప తెలియదు. వారం రోజులు మామూలుగా పాలు, పెరుగు తీసుకోండి. నిజంగా పడనిదైతే రెండు మూడు రోజుల నుంచి వారంలోపు లక్షణాలు తిరిగొస్తాయి. అప్పుడు మానడానికి అర్థముంది. ఆ పిల్లల్లో కూడా చాలామందికి ఏడాది, రెండేళ్ళలో పాలు పడటం మొదలవుతుంది. ఒక్క మినహాయింపు: ముందుసారి బిడ్డకు ఒళ్ళంతా దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం, లేదా వాంతుల మీద వాంతులై సొమ్మసిల్లడం వంటివి ఉంటే మళ్ళీ తినే ప్రయోగం ఇంట్లో చేయకూడదు.

నెలల తరబడి మానాల్సి వస్తే తల్లి ఒంటి లెక్క చూడాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మొదటి ఆరు నెలలు అదనంగా 600 కేలరీల తిండి కావాలి. అర లీటరు గేదెపాలతో సగం కాల్షియం వచ్చేది. వాటిని తీసేస్తే ఏం పెడతారు? వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది కానీ అందులోని ఫైటేట్లు కొంత ఒంటికి పట్టనివ్వవు. నువ్వులు, మునగాకు, తోటకూర, అవిశాకు మంచివే. అయినా మాత్ర లేకుండా గట్టెక్కడం కష్టం.

కాల్షియం కంటే నన్ను భయపెట్టేది విటమిన్ బి12. మొక్కల్లో అది లేదు. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ళలో దానికున్న ఒకే దారి పాలు, పెరుగు. అసలే శాకాహారులైన తల్లుల్లో అది తక్కువ. ఆ దారీ మూసేస్తే తల్లిపాలలో బి12 పడిపోతుంది. అలాంటి బిడ్డ మొదటి నెలలు బాగానే ఉండి, తర్వాత నవ్వడం తగ్గి, మెడ నిలపలేక, వణుకు మొదలైన కేసులు మనదేశపు పిల్లల వార్డులకు కొత్త కాదు. కక్కుతోందని మొదలుపెట్టిన పథ్యం అక్కడిదాకా పోకూడదు. శాకాహారి తల్లి తన తిండిలో పాలు, పెరుగు మానితే మొదటి రోజునుంచే బి12 మాత్ర ఉండాలి.

ఈ అనుమానం వెనుక వ్యాపారమూ ఉంది. బ్రిటన్‌లో పాల ఎలర్జీ పిల్లల కోసమని రాసే ప్రత్యేక పాలపొడి చీటీలు 2006 నుంచి 2016 మధ్య దాదాపు 500 శాతం పెరిగాయి. ఎలర్జీ అంత పెరిగిందనడానికి ఆధారం లేదని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక కథనం వేసింది. మన దగ్గర డబ్బా పాల ప్రచారాన్ని నిషేధించే చట్టం 1992 నుంచీ ఉంది. సలహాల రూపంలో వచ్చే ప్రచారానికి మాత్రం పేరుండదు.

కంచం జోలికి పోకముందు చేయాల్సిన పనులు చిన్నవి. తాగిన వెంటనే కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసి స్నానం చేయించకండి, స్నానం ముందు, పాలు తర్వాత. తాగాక ఇరవై నిమిషాలు భుజాన వేసుకోండి. పాలు ధారగా పొంగుతుంటే కాస్త వెనక్కి వాలి ఇవ్వండి, మధ్యలో ఆపి త్రేన్పించండి. ఏడ్చిన ప్రతిసారీ రొమ్మే ఇవ్వక్కర్లేదు. నిద్ర మాత్రం వెల్లకిలానే, దిండు లేకుండా. చిక్కగా ఉంటే నిలుస్తుందని ఉగ్గు కలిపితే ప్రయోజనం లేదు: తల్లిపాలలోని ఎంజైమే ఆ పిండిని కరిగించేస్తుంది, పైగా ఆరు నెలల లోపు ఉగ్గే వద్దు. వస అరగదీసి నాకించడమూ వద్దు. అది స్వతహాగా వాంతి చేయించే దుంప.

పచ్చటి వాంతి అయితే ఏ జాబితా చూడకుండా అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళండి, పేగు మెలిపడి ఉండొచ్చు. మూడు నుంచి ఆరు వారాల మధ్య ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కి, వెంటనే ఆకలిగా మళ్ళీ వెతుక్కుంటుంటే జీర్ణాశయం దిగువ మూతి బిగుసుకుపోయి ఉండొచ్చు, దానికి చిన్న ఆపరేషన్ ఉంది. జ్వరం, ఉబ్బిన పొట్ట, మూత్రం తగ్గడం, మగతగా పడి ఉండటం, ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైన వాంతులు, వీటికీ ఆగకూడదు.

మా చెల్లెలి పాప బరువు వారానికి 200 గ్రాముల చొప్పున పెరుగుతోంది. ఎగ్జిమా లేదు, మలం మామూలే. పరీక్ష అవసరమే లేదని పిల్లల డాక్టరు చెప్పింది. చెల్లెలికి మనసు ఒప్పక, పాల పదార్థాలొక్కటీ రెండు వారాలు మాని, మిగతావన్నీ మళ్ళీ మొదలుపెట్టింది. క్యాలెండరులో కక్కుల లెక్క మారలేదు. పదిహేనో రోజు పెద్ద గిన్నెడు పెరుగన్నం తింది. అప్పుడూ మారలేదు. ఏడో నెలలో పాప కూర్చోవడం నేర్చాక బట్టలు తడవడం దానంతటదే ఆగింది.

వంకాయ వల్లేనని అమ్మ ఇప్పటికీ అంటుంది.